పాత టేకు తలుపులకు ఇత్తడి యాంగిల్ అంచు: తొమ్మిది దశల డైరీ

దశ 1: కొలతలు, కొనుగోలు (నవంబర్)

తలుపులు రెండు. జనగామ దగ్గర మా తాతగారి ఇల్లు తీసేసినప్పుడు తెచ్చుకున్నవి. హైదరాబాద్ నల్లకుంటలోని మా ఫ్లాట్‌లో పూజగదికి పెడుతున్నాను. ఒక్కో తలుపు ఎత్తు 2020 మి.మీ., వెడల్పు 450, మందం 32. నడిమి చెక్క గట్టిగానే ఉంది కానీ అంచులు చితికిపోయాయి, అడుగున 60 మి.మీ. మేర పుచ్చింది. కొత్త టేకు బద్దీలు అతికిస్తే రంగు కలవదు. అందుకే చుట్టూ 25×25×3 మి.మీ. ఇత్తడి యాంగిల్ (ఎల్ ఆకారపు బద్ద) తొడగాలని నిర్ణయం.

యాంగిల్‌కు ఉన్న రెండు భుజాలను ఈ డైరీలో రెక్కలు అంటాను. తలుపు ముందువైపు కనిపించేది ముఖం రెక్క, మందం మీదికి మడిచి కూర్చునేది పక్క రెక్క.

కావలసిన పొడవు:

1. నిలువు ముక్కలు: 4 × 2020 = 8080 మి.మీ.
2. అడ్డ ముక్కలు: 4 × 450 = 1800 మి.మీ.
3. గడప: 900 మి.మీ.
4. మొత్తం: 10,780 మి.మీ.

రాణిగంజ్‌లో బార్లు 12 అడుగులవి, అంటే 3660 మి.మీ. దొరికాయి. ఒక్కో బారులో 2020 ముక్క ఒక్కటే వస్తుంది కాబట్టి నాలుగు బార్లు తీసుకోక తప్పలేదు.

ఇత్తడిని తూకం మీద అమ్ముతారు. ఆ తూకమే మనకు పరీక్ష కూడా. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు. సరిగ్గా 3 మి.మీ. మందం ఉన్న 25×25 యాంగిల్ మీటరుకు 1.2 కిలోలు తూగాలి, అంటే నాలుగు బార్లకు 17.5 కిలోలు. మొదట అడిగిన షాపులో నాలుగూ కలిపి 15.3 కిలోలే వచ్చాయి. వెర్నియర్ పెడితే మందం 2.6. కిలో లెక్కన డబ్బు నష్టం లేదు కానీ 2.6 మి.మీ.లో స్క్రూ తల పూర్తిగా మునిగేలా కౌంటర్‌సింక్ వేస్తే కింద మిగిలేది చాలా తక్కువ. రెండో షాపులో 17.1 కిలోలు, మందం 2.9. అవే తీసుకున్నాను. వెర్నియర్, చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లండి. ఇత్తడి పూత వేసిన ఇనుమైతే అయస్కాంతం పట్టేస్తుంది.

తప్పు ఇంటికి తెచ్చేటప్పుడు జరిగింది. 12 అడుగుల బార్లను ట్రాలీ ఆటోలో మధ్యలో మాత్రమే తాడు కట్టి తెచ్చాం. చివరలు దారంతా ఎగిరెగిరి పడ్డాయి. ఇంటికొచ్చి దారం పట్టి చూస్తే ఒక బారులో 9 మి.మీ. వంపు. షాపులోనే 2040కి కోయించి ఉంటే ఈ పని తప్పేది.

ఇప్పటివరకు: ఇత్తడి (కిలో ₹760, పైన జీఎస్టీ కలిపి) ₹15,335, ఆటో ₹500. మొత్తం ₹15,835. గంటలు 5.

దశ 2: వంపు తీయడం (నవంబర్ చివర)

వంపుతో పాటు మెలిక కూడా ఉంది. బారును చదునైన గ్రానైట్ ప్లాట్‌ఫారం మీద పెడితే ఒక మూల 4 మి.మీ. పైకి లేచి ఉంది. ఇది ఆటోలో వచ్చినది కాదు, మిగతా బార్లలోనూ తక్కువో ఎక్కువో ఉంది. యాంగిల్‌ను వేడి మీద అచ్చులోంచి తోసి తీస్తారు కాబట్టి కొంత మెలిక మామూలే.

వంపు తీసిన పద్ధతి:

1. 600 మి.మీ. దూరంలో రెండు చెక్క దిమ్మెలు, వాటి మీద బారు, వంపు పైకి వచ్చేలా.
2. మధ్యలో సీ క్లాంప్‌తో మెల్లగా కిందికి బిగించాలి. మొదట 3 మి.మీ. దించితే ఏమీ మారలేదు, మళ్లీ పైకి లేచింది. 5 దించినా అంతే. 8 దించాక 1 మి.మీ. నిలిచింది.
3. దిమ్మెలను 150 మి.మీ. చొప్పున జరుపుతూ అదే పని.

ఒకేచోట ఎక్కువ నొక్కితే అక్కడ మడత పడుతుంది. నేను ఒకసారి అలాగే చేశాను, ఆ మడత ఇప్పటికీ వేలికి తగులుతుంది. అందుకే ఆ ముక్కను కీళ్ల వైపు పెట్టాను.

మెలికకు ఒక చెక్కలో యాంగిల్ ఆకారంలో గాడి కోసి, దాన్ని బారు చివర తొడిగి, రెండో చివర వైస్‌లో పట్టి తిప్పాను. 9 మి.మీ. వంపు 1.5కి, 4 మి.మీ. మెలిక 1కి వచ్చాయి. మిగిలింది స్క్రూలు లాగేస్తాయి.

ఇలా చల్లగా వంచి సరిచేసిన ఇత్తడిలో ఒత్తిడి లోపలే ఉండిపోతుంది. అలాంటి ఇత్తడికి అమ్మోనియా తగిలితే ఎప్పుడో ఒకనాడు దానంతటదే పగులుతుంది. బ్రిటిష్ సైన్యం మనదేశంలో తూటాల ఇత్తడి గొట్టాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచినప్పుడు ఇదే జరిగింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాకు గొట్టాలు పగిలిపోయేవి. కాబట్టి అమ్మోనియా ఉండే పాలిష్‌లు, ఫ్లోర్ క్లీనర్లు ఈ తలుపుల దగ్గరికి రాకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. డబ్బా మీద రాసింది చదవకుండా ఏదీ వాడటం లేదు.

ఇప్పటివరకు: ₹15,835. గంటలు 9.

దశ 3: కోత, మూలలు (డిసెంబర్)

మూలల్లో బయటి పక్కన కోత కనబడకూడదని మొదట వేరే పద్ధతి ప్రయత్నించాను. ముఖం రెక్కలో వి ఆకారంలో గాటు కోసి, పక్క రెక్కను మడిచి మూల తిప్పడం. 200 మి.మీ. ముక్క మీద పరీక్షించాను. సగం దూరం మడవగానే పటుక్కున విరిగింది. విరిగినచోట గింజలు గింజలుగా, పాత బెల్లం ముక్క విరిచినట్టు ఉంది.

కారణం ఇత్తడి రకంలో ఉంది. మార్కెట్లో దొరికే యాంగిళ్లు ఎక్కువగా సీసం కలిపిన రకం. భారత ప్రమాణాల్లో ఐఎస్ 319 కిందికి వచ్చేది ఈ కుటుంబమే. రాగి సుమారు 58 శాతం, సీసం సుమారు 3 శాతం, మిగతాది జింకు. సీసం వల్ల కోత, రంధ్రం సులువుగా పడతాయి. అదే సీసం వల్ల చల్లగా మడిస్తే తట్టుకోదు. మా ఊరికి దగ్గరే ఉన్న పెంబర్తిలో రేకు పని చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అక్కడ ఇత్తడి రేకును సుత్తితో కొట్టి దేవుడి కవచాలు, తోరణాలు తీస్తుంటే ఇత్తడి అంటే ఎటైనా వంగేదే అనుకున్నాను. వాళ్లు వాడేది రాగి ఎక్కువున్న రేకు. అది గట్టిపడ్డప్పుడల్లా నిప్పుల్లో కాల్చి మెత్తబరిచి మళ్లీ కొడతారు. అదీ ఇత్తడే, ఇదీ ఇత్తడే, స్వభావం మాత్రం వేరు.

కాబట్టి 45 డిగ్రీల కోతే దారి. హ్యాక్సాతో, అంగుళానికి 24 పళ్ల బ్లేడుతో ఒక మూల కోశాను. 25 నిమిషాలు పట్టింది, కోత 1 మి.మీ. పక్కకు పోయింది. దాంతో అల్యూమినియం కిటికీలు చేసే షాపులో కోత మిషన్ అద్దెకు అడిగాను. పది అంగుళాల కార్బైడ్ పళ్ల బ్లేడు. ఇత్తడిని చక్కగా కోస్తుంది, కానీ మొదటి కోతలోనే యాంగిల్ ఎగిరి గార్డుకు తగిలింది. నిలబడి ఉన్న రెక్క వెనుక దన్ను లేకపోవడమే కారణం. ఆ తర్వాత ఈ వరస పాటించాను:

1. యాంగిల్ లోపల సరిగ్గా పట్టే చదరపు చెక్క ముక్క పెట్టాలి.
2. ముఖం రెక్క బల్ల మీద, పక్క రెక్క కంచెకు (మిషన్ బల్ల వెనుక నిలువు పట్టీ) ఆనించి నిలువుగా ఉండాలి.
3. రెండింటినీ కలిపి క్లాంప్ చేయాలి. చేత్తో పట్టుకోకూడదు.
4. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే దించాలి.
5. కోత అయ్యాక బ్లేడు ఆగేదాకా పైకి ఎత్తకూడదు.

ఒక 450 ముక్క వృథా అయింది. రెండు చివరలా కోత ఒకే దిక్కుకు వాలింది. చిత్రపటం ఫ్రేములా లోపలికి చూడాల్సిన కోతలు పక్కపక్క గీతల్లా తయారయ్యాయి. తర్వాత ప్రతి ముక్క మీద లోపలి వైపును మార్కర్‌తో గీసి పెట్టుకున్నాను.

మిషన్ కోణం 45 కాదు, 44.7 అని ముక్కలు కలిపి చూశాక తెలిసింది. 25 మి.మీ. వెడల్పు రెక్కలో ఏటవాలు కోత పొడవు 35 మి.మీ. దాటుతుంది, అంత పొడవున 0.3 డిగ్రీల తేడా ఒక్కో ముక్కకు 0.185, రెండు కలిస్తే 0.37 మి.మీ. సందు. చిన్నదే, కానీ దీపం వెలుగులో ఆ సందు నల్లటి గీతలా కనిపిస్తుంది. 45 డిగ్రీల చెక్క ఆధారం చేసుకుని ఆకురాయితో ఎనిమిది మూలలూ సరిచేశాను. ఆకురాయి కొత్తదై ఉండాలి. ఇనుము మీద అరిగినది ఇత్తడి మీద జారుతుంది.

మూలలకు టంకం వేసి కూడా చూశాను. తెల్లటి టంకం పసుపు ఇత్తడి మధ్య బూడిద రంగు గీతగా నిలిచింది. వెండి టంకానికి 600 డిగ్రీలు దాటాలి. మూడు అంగుళాల అవతల పట్టుకున్నా చేయి కాలేంతగా ఇత్తడి వేడిని లాగేస్తుంది, పైగా మరీ వేడెక్కితే జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే జ్వరం. టంకం ఆలోచన మానేశాను. ఆ నిర్ణయం మంచిదైందని ఏప్రిల్‌లో తెలిసింది.

కోతలో రాలే ఇత్తడి రజనులో సీసం ఉంటుంది. మాస్కు పెట్టుకోండి, తడి గుడ్డతో ఎత్తండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. పిల్లలు తిరిగే హాల్లో కోయకండి.

ఇప్పటివరకు: మిషన్ అద్దె ₹600, బ్లేడ్లు ₹120. మొత్తం ₹16,555. గంటలు 14. వృథా 650 మి.మీ.

దశ 4: చెక్కలో గాడి (డిసెంబర్ చివర)

పుచ్చిన అడుగు భాగం కోసి టేకు బద్దీ అతికించడం మామూలు వడ్రంగం, దాని గురించి రాయను.

యాంగిల్ చెక్కకు సమంగా కూర్చోవాలంటే ముందువైపు 25 మి.మీ. వెడల్పున, పక్కన 25 మి.మీ. మేర, 3 మి.మీ. లోతు గాడి తీయాలి. రౌటర్‌తో తీశాను. పాత తలుపుల్లో తల విరిగిన మేకులు ఉంటాయి. నా మొదటి బిట్టు అలాంటి మేకుకు తగిలి పన్ను పోయింది. రాణిగంజ్‌కు తీసుకెళ్లిన ఆ అయస్కాంతాన్నే తలుపంతా తిప్పి చూస్తే ఇంకో ఏడు మేకులు దొరికాయి.

గాడి కొలత సరిగ్గా ఉన్నా యాంగిల్ కూర్చోలేదు. ముఖం రెక్క చెక్కకు 0.7 మి.మీ. పైకి తేలింది. గంటసేపు గాడినే అనుమానించి అటూ ఇటూ రుద్దాను. అసలు సంగతి యాంగిల్ లోపలి మూలలో ఉంది. బయట మూల పదునుగా ఉంటుంది, లోపలి మూల మాత్రం గుండ్రంగా ఉంటుంది, నా దాంట్లో సుమారు 1.5 మి.మీ. చెక్క అంచు పదునుగా ఉంటే ఆ గుండ్రానికి తగిలి అక్కడే ఆగిపోతుంది. చిత్రికతో చెక్క అంచును 2 మి.మీ. ఏటవాలుగా కొట్టగానే యాంగిల్ చప్పున కూర్చుంది. ఈ డైరీలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని పెట్టుకోండి, నాకు ఒక ఆదివారం పోయింది.

ఇప్పటివరకు: టేకు ₹900, రౌటర్ బిట్టు ₹650. మొత్తం ₹18,105. గంటలు 23.

దశ 5: రంధ్రాలు (జనవరి మొదటి వారం)

స్క్రూలు ముందు కనిపించకూడదని అన్నీ పక్క రెక్కలోనే. నిలువు ముక్కకు 9 రంధ్రాలు, చివరల నుంచి 50 మి.మీ. వదిలి 240 చొప్పున. అడ్డ ముక్కకు 3. గడపకు 5. మొత్తం 36 + 12 + 5 = 53.

మూడో రంధ్రంలోనే బిట్టు ఇత్తడిలోకి దూసుకుపోయి యాంగిల్‌ను పట్టుకుని గిర్రున తిప్పింది. చేతికి గ్లౌజు లేకపోవడమే మేలైంది. గ్లౌజు ఉంటే దాన్నీ చుట్టుకునేది. బొటనవేలి మీద గీత పడింది. బాలానగర్‌లో లేత్ పని చేసే తెలిసినాయనకు ఫోన్ చేసి చెబితే, ఆయన వెంటనే అడిగాడు: "కొత్త బిట్టా సార్? ఇత్తడికి కొత్త బిట్టు పనికిరాదు. పదును కొంచెం చంపాలె."

ఇనుముకు పెట్టిన పదును ముందుకు వంగి ఉంటుంది. మెత్తగా తెగే ఇత్తడిలో అది గీకకుండా తవ్వుకుంటూ లోపలికి పోతుంది. ఆయన చెప్పినట్టు చేసింది ఇది:

1. బిట్టు రెండు కోసే అంచుల ముందు ముఖాన్ని నూనెరాయి మీద నిలువుగా నాలుగైదు సార్లు రుద్దాలి. అంచు మీద సన్నని చదును మెరుపు కనిపిస్తే చాలు.
2. యాంగిల్ కింద చెక్క, రెండు పక్కలా క్లాంపులు.
3. ముందు సెంటర్ పంచ్.
4. రంధ్రం 4 మి.మీ., తర్వాత కౌంటర్‌సింక్ తక్కువ వేగంలో.

ఆ తర్వాత 50 రంధ్రాల్లో ఒక్కటీ పట్టుకోలేదు. రజను సూదుల్లా చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది. ఆ బిట్టుకు ఎర్ర టేపు చుట్టి, ఇత్తడికి మాత్రమే అని పెట్టేశాను.

స్క్రూలు ఇత్తడివే, 6 నంబరు, ముప్పావు అంగుళం. ఇనుప స్క్రూలు వాడితే తడి తగిలినచోట ఇత్తడి పక్కన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, ఆ తుప్పు టేకును నల్లగా చేస్తుంది. ఇత్తడి స్క్రూతో కష్టం దాని మెడ బలహీనం. టేకు గట్టిది. మొదటి నాలుగింటిలో రెండు విరిగాయి. ముందు రంధ్రం 2 మి.మీ. వేసినందుకు ఆ ఫలితం. 2.5కి పెంచాను. అదే సైజు ఇనుప స్క్రూను ముందు తిప్పి తీసి మర చేశాను, ఆపై ఇత్తడి స్క్రూకు కొవ్వొత్తి రుద్ది ఎక్కించాను. తర్వాత ఒక్కటీ విరగలేదు.

ఇప్పటివరకు: బిట్లు ₹280, స్క్రూలు ₹420. మొత్తం ₹18,805. గంటలు 29.

దశ 6: ఎడమ తలుపు బిగింపు (జనవరి, సంక్రాంతి తర్వాత)

రెండు భాగాల ఎపాక్సీ జిగురు గాడిలో పూసి, యాంగిల్ పెట్టి, స్క్రూలన్నీ గట్టిగా బిగించాను. మూలల్లో సందు సున్నా, ఫీలర్ గేజ్‌లో (సందులు కొలిచే పలుచని రేకుల కట్ట) సన్నని 0.05 రేకు కూడా దూరలేదు. ఆ ఉదయం గదిలో 21 డిగ్రీలు. తలుపు బరువు 5.8 కిలోలు పెరిగింది, పాత మూడు కీళ్లు తట్టుకున్నాయి. ఎడమ తలుపు ఫ్రేముకు ఎక్కించి, కుడి తలుపు పని ఆఫీసు పనుల వల్ల రెండు నెలలు ఆపాను. ఆగడం వల్లే రెండోది బతికింది.

ఇప్పటివరకు: ఎపాక్సీ ₹360. మొత్తం ₹19,165. గంటలు 33.

దశ 7: ఏప్రిల్ నేర్పింది

మార్చి చివర నుంచి మధ్యాహ్నాలు తలుపు దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు. బల్లి అనుకున్నాం. ఏప్రిల్ రెండో వారంలో గొళ్లెం పడటం మానేసింది.

చూస్తే:

1. పై మూల కోత దగ్గర ఒక ముక్క రెండోదాని మీదికి 0.8 మి.మీ. ఎక్కింది.
2. ముఖం రెక్క మధ్యలో ఎపాక్సీ ఊడి, చెక్కకు 0.4 మి.మీ. దూరం జరిగింది.
3. తలుపే ముందువైపుకు ఉబ్బి 2 మి.మీ. వంగింది.
4. చివరి రెండు స్క్రూల తలలు పక్కకు వాలాయి.

మా పూజగది ఎదురుగా పడమటి బాల్కనీ. మూడింటి నుంచి ఐదున్నర వరకు ఎండ నేరుగా ఈ తలుపు మీద పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే ఇత్తడి 34 డిగ్రీలే చూపింది, చేయి పెడితే మాత్రం చురుక్కుమంది. మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తప్పు చెబుతుంది. ఇత్తడి తన వేడిని తక్కువగా వెలువరించి, ఎదురుగా ఉన్నవాటినే అద్దంలా చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, దాని మీద కొలిస్తే 47.

ఇక లెక్క. ఇత్తడి ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.0205 మి.మీ. పెరుగుతుంది. 21 నుంచి 47కి 26 డిగ్రీలు. 2.02 × 26 × 0.0205 = 1.08 మి.మీ. టేకు నిలువు దిశలో అందులో చిన్న వంతు మాత్రమే పెరుగుతుంది. అంటే మిల్లీమీటరు దాకా తేడాను స్క్రూలు, ఎపాక్సీ కలిసి బలవంతంగా ఆపుతున్నాయి. ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్‌లో రెండు లోహాల పట్టీ వేడికి వంగుతుంది కదా, నేను తలుపంత ఎత్తున అదే తయారు చేశాను: ముందు ఇత్తడి, వెనక టేకు, మధ్యలో జిగురు.

ఆ రాత్రి నిజంగా టెన్షన్ పడ్డాను. తాతగారి తలుపు చీలిపోతుందేమో అని.

విప్పడానికి హీట్ గన్ కొన్నాను. ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది, కింద సన్నని ఉలి పోనిస్తూ నెమ్మదిగా లేపాలి. రెండు స్క్రూలు విరిగి లోపలే ఉండిపోయాయి. వాటి చుట్టూ సన్నని గొట్టంతో తవ్వి, టేకు కడ్డీ దిగగొట్టి, మళ్లీ రంధ్రం వేశాను. చెక్క చీలలేదు.

మార్చినవి:

1. ప్రతి ముక్కకు మధ్య రంధ్రం మాత్రమే గుండ్రం. అక్కడ యాంగిల్ కదలదు.
2. మిగతా రంధ్రాలన్నీ పొడవు దిశలో సాగదీసిన కోడిగుడ్డు ఆకారం, 4×5.5 మి.మీ. 1.5 మి.మీ. దూరంలో ఇంకో రంధ్రం తొలిచి, మధ్యది సన్న ఆకురాయితో తీసేసి, రెండు చివరలా కౌంటర్‌సింక్.
3. స్క్రూ పూర్తిగా బిగించాక పావు తిప్పు వెనక్కి.
4. ఎపాక్సీ బదులు ముఖం రెక్క కింద సిలికాన్ చుక్కలు. బిగుసుకున్నాక కూడా రబ్బరులా సాగుతుంది. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ వద్దు, ఆ ఆమ్లం ఇత్తడిని పచ్చగా చిలుము పట్టిస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి.
5. మూలల్లో 0.5 మి.మీ. సందు వదలాలి.

అడ్డ ముక్కలకు లెక్క వేరు. టేకు అడ్డంగా వానకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది. ఇత్తడి పెరిగే వేళకు చెక్క తగ్గుతుంటుంది. 450 చిన్నదే కదా అని వదిలేయకుండా వాటికీ పొడవు రంధ్రాలే పెట్టాను.

జనవరిలో సందు సున్నా వచ్చిందని డైరీలో రాసుకున్నాను. ఆ సున్నాయే తప్పు.

ఇప్పటివరకు: హీట్ గన్ ₹1,400, సిలికాన్ ₹320. మొత్తం ₹20,885. గంటలు 44.

దశ 8: మెరుగు, లక్క (జూన్, జులై)

అద్దంలా మెరిపించాలా, సన్న గీతల మెరుపు చాలా అన్నది ముందే తేల్చుకోవాలి. అద్దం మెరుపు మీద ప్రతి వేలిముద్రా కనిపిస్తుంది, దశ 2లో పడిన మడత లాంటివి ఇంకా బాగా కనిపిస్తాయి. 240, 400, 600 నంబరు గరుకు కాగితాలు వరసగా వాడి, చివర నైలాన్ ప్యాడ్‌తో ఒకే దిశలో పొడవాటి లాగుళ్లు లాగాను. చెక్క ముక్కకు చుట్టి రుద్దాలి. వేళ్లతో రుద్దితే అంచులు గుండ్రమై మూల కోతలు కలవవు.

లక్క, అంటే మెరుపును కాపాడే పారదర్శక లాకర్ పూత, మొదటిసారి చెడింది. అసిటోన్‌తో తుడిచి, తర్వాత యాంగిల్‌ను చేత్తో ఎత్తి పెట్టాను. మూడు రోజులకు లక్క కింద గోధుమరంగు వేలిముద్ర కనిపించింది. అది పైనుంచి తుడిస్తే పోదు.

రెండోసారి వాన సాయంత్రం స్ప్రే చేశాను. పది నిమిషాల్లో పాలు ఒలికినట్టు తెల్లగా మారింది. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ నీరు లక్కలో చిక్కుకుంటుంది. తేమ మీటరు 82 శాతం చూపుతోంది. థిన్నర్‌తో అంతా కడిగేసి, వాన తెరిపిచ్చిన రోజు మధ్యాహ్నం 55 శాతం దగ్గర మళ్లీ చేశాను:

1. రబ్బరు గ్లౌజులు వేసుకుని, అసిటోన్‌తో రెండుసార్లు, ప్రతిసారి కొత్త గుడ్డ.
2. రుద్దిన రోజే లక్క. రాత్రి వదిలేస్తే రంగు మారడం మొదలవుతుంది.
3. పలుచగా మూడు పొరలు, మధ్యలో 30 నిమిషాలు.
4. లోపలి వైపు, కోత అంచులు, రంధ్రాల లోపల కూడా.

ఈసారి నిలిచింది.

ఇప్పటివరకు: కాగితాలు, లక్క, థిన్నర్, గ్లౌజులు ₹1,150. మొత్తం ₹22,035. గంటలు 54.

దశ 9: తిరిగి బిగింపు, గడప (ఆగస్టు, వరలక్ష్మీ వ్రతానికి ముందు)

రెండు తలుపులూ కొత్త పద్ధతిలో ఎక్కాయి. గదిలో 29 డిగ్రీలు. మూలల్లో 0.5 రేకు పెట్టి బిగించి, తర్వాత రేకు లాగేశాను.

గడప యాంగిల్‌కు కూడా లక్క వేసి పెట్టాను. అమ్మ చూసి, "గడపకు పసుపు పెట్టకుంటె ఎట్లరా? శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టాలె గద" అంది. రాయవచ్చమ్మా అన్నాను. మూడు వారాలకు లక్క పొరలు పొరలుగా లేచింది. ప్రతి వారం తడి చేసి రుద్ది కడిగే చోట లక్క నిలవదు. తప్పు నాదే, గడపను అలంకారంగా చూశాను. అమ్మకు అది వారం వారం కడిగి పూజించేది.

గడప లక్క మొత్తం థిన్నర్‌తో తీసేశాను. ఇప్పుడు అది ఉత్త ఇత్తడి. అమ్మే చింతపండుతో తోముతుంది. పులుపు రాసి వదిలేస్తే ఇత్తడి ఎర్రబారుతుంది కాబట్టి రెండు నిమిషాల్లో నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలని మాత్రం చెప్పాను. "మా అమ్మ గట్లనే తోమేది, నాకెరుకే" అంది. తలుపుల మీది అంచులకు చింతపండు, పొడులు ఏవీ వద్దు, మెత్తని పొడిగుడ్డ చాలు.

గడప మూల అంచు బయటికి పదునుగా ఉంటుంది. కాలివేలు తగిలితే కోసుకుంటుంది. ఆకురాయితో 1 మి.మీ. గుండ్రం చేసి, 400 కాగితంతో నునుపు చేశాను. కొలతల మోజులో ఇది మరిచిపోవద్దు.

మొత్తం: ₹22,035. గంటలు 57. వాడిన ఇత్తడి 10.78 మీటర్లు, వృథా 0.65, రంపం తిన్నది సుమారు 0.06. మిగిలింది 3.15 మీటర్లు, 3.7 కిలోలు.

తర్వాతి కొలతలు

పై ఎడమ మూల సందు, ఫీలర్ గేజ్‌తో:

1. ఆగస్టు, 29 డిగ్రీలు: 0.50 మి.మీ.
2. డిసెంబర్ ఉదయం, 18 డిగ్రీలు: 0.70
3. రెండో వేసవి, ఏప్రిల్ మధ్యాహ్నం, నల్ల టేపు మీద 46 డిగ్రీలు: 0.15

టిక్కు చప్పుడు లేదు. గొళ్లెం పడుతోంది. తలుపు వంపు దారంతో కొలిస్తే అర మిల్లీమీటరు లోపే. కుడి తలుపు కింది మూలలో లక్క చిన్న చుక్కంత లేచింది, నీళ్ల బకెట్ తగిలేది అక్కడే. వానలు మొదలయ్యేలోపు ఆ ఒక్క ముక్క విప్పి మళ్లీ లక్క వేయాలి. ఏడు స్క్రూలైనా చాలు అనిపించే చోట తొమ్మిది పెట్టాను కాబట్టి విప్పడానికి సమయం పడుతుంది.